మాట వినపడే టీవీ

ఏం చెల్లీ, మినుములు అమ్మేశారట కదా! నువ్వు ఫోనులో చెప్పిన దగ్గర్నుంచీ నాకూ అదే ధ్యాస. మరిదిగారు 65 అంగుళాలకి తగ్గేది లేదంటున్నారు. పెద్దాడు సౌండ్‌బార్ లేకపోతే టీవీ కొనడమే దండగంటున్నాడు. నువ్వేమో చివర్లో గొంతు తగ్గించి, "అక్కా, రోజంతా దాని ముందు కూచునేది మా అత్తగారు, ఆవిణ్ణి మాత్రం ఎవరూ అడగట్లేదు" అన్నావు. నా మటుకు నాకు అక్కడే తేలిపోయిందమ్మా. ఈ టీవీ మీ అత్తగారి కోసం కొనండి. ఆవిడ కళ్లకీ చెవులకీ సరిపోయింది ఇంట్లో అందరికీ సరిపోతుంది. కుర్రాళ్లకి సరిపోయింది ఆవిడకి సరిపోతుందన్న నమ్మకం లేదు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతీ కాదు. కాకుమాను, అప్పాపురం, పెదనందిపాడు, పొన్నూరు, ఏ వైపు చూసినా ఇళ్లల్లో పెద్దవాళ్లే మిగిలారు. చదువులకీ ఉద్యోగాలకీ పిల్లలు గుంటూరో హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయారు. మగవాళ్లు పొలానికో పనిమీదో వెళ్తే, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ముందు గదిలో మనిషి మాట అంటూ వినపడేది టీవీలోంచే. అందుకే నీతో చెప్పేది నాలుగిళ్లవాళ్లూ వినేలా చెబుతున్నా.

ముందు చెవుల సంగతి చూద్దాం. ఎవరూ పట్టించుకోనిది అదే.

సీరియల్ నడుస్తుంటే మీ అత్తగారు పక్కనున్న మనవరాల్ని "ఏమన్నాడే?" అని అడుగుతారు. ఆ పిల్ల విసుక్కుని సౌండు పెంచుతుంది. అయినా ఆవిడ "మోత వినపడుతోంది గానీ మాట తెలీట్లేదు" అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. వయసు మీద పడ్డప్పుడు చెవి అన్ని శబ్దాలకీ ఒకేసారి మందగించదు. ముందు సన్నటి, పై స్థాయి శబ్దాలు పోతాయి. అ, ఆ, ఉ, ఓ లాంటి అచ్చులు బరువుగా, కింది స్థాయిలో ఉంటాయి కాబట్టి అవి బాగానే అందుతాయి. స, శ, త, ప, క లాంటివి గాలి చప్పుడుతో పుట్టే సన్నటి ధ్వనులు. మాటని మాటగా నిలబెట్టేవి అవే, ముందుగా జారిపోయేవీ అవే. దాంతో "పాలు" అన్నారో "తాలు" అన్నారో "కాలు" అన్నారో తేలదు. అప్పుడు వాల్యూం పెంచితే వెనకాల వాయించే డప్పులూ ఉరుములూ కూడా పెరుగుతాయి. బరువైన మోతకి సన్నటి శబ్దాన్ని కప్పేసే గుణం ఉంది. అంటే సౌండు పెంచినకొద్దీ ఆవిడకి మాట ఇంకా మరుగున పడిపోతుందన్నమాట. ఆవిడ సీరియల్ సగం ఊహించుకుంటూ చూస్తున్నారు చెల్లీ. ఇంట్లో ఎవరికీ తెలియని కష్టం ఇది, నాకు తలుచుకుంటేనే బాధేస్తుంది.

దీనికి తోడు టీవీలు సన్నబడ్డాయి. మన హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ, డయనోరా, సాలిడేర్ రోజులు గుర్తున్నాయా? పెద్ద పెట్టె, దాంట్లో గాలి ఆడే చోటు, స్పీకరు మన మొహం వైపే ఉండేది. 1987 జనవరి 25న రామాయణం మొదలైనప్పుడు టీవీ ఉన్న ఇంట్లో ఆదివారం పొద్దున వీధంతా చేరేది. గుమ్మం అవతల నిలబడ్డవాళ్లకి కూడా గొంతు అందేది. ఇప్పటి టీవీ అంచు వేలెడంత కూడా ఉండదు. అందులో చిన్న చిన్న స్పీకర్లు ఇరికించి, అవి పైకి కనపడకుండా కిందికో వెనక్కో తిప్పేస్తారు. మాట గోడకి కొట్టుకుని, తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి మసకబారుతుంది. తెర అందం కోసం గొంతుని బలిచ్చారు.

కాబట్టి సౌండ్‌బార్ కావాలన్న పెద్దాడి మాట సబబే. వాడికి కావాల్సిన బార్ వేరు, మీ అత్తగారికి కావాల్సింది వేరు, అంతే. డబ్బు తీసేముందు రెండు పనులు చేయండి. ఒకటి, ఆవిణ్ణి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చెవిలో గులిమి గట్టిపడి ఉంటే అది తీయించగానే సగం కష్టం తీరొచ్చు. నిజంగా వినికిడి తగ్గి ఉంటే పరీక్షలో ఎంత తగ్గిందో తెలుస్తుంది, మిషను అవసరమైతే డాక్టరే చెబుతారు. ఎంత మంచి టీవీ అయినా ఆ పని చేయలేదు. రెండోది, ఇప్పుడున్న టీవీలోనే సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్లి "క్లియర్ వాయిస్" అనో "స్పీచ్" అనో ఉంటే అది పెట్టి నాలుగు రోజులు చూడండి. ఆ సెట్టింగు డప్పుల మోత తగ్గించి గొంతుని ముందుకి తెస్తుంది. చాలామంది దాని జోలికే వెళ్లరు.

అప్పటికీ చాలకపోతే సౌండ్‌బార్. దాని పెట్టె మీద 2.1, 3.1, 5.1 అని అంకెలుంటాయి. చుక్కకి ముందు అంకె, ఎన్ని వైపులకి విడివిడిగా శబ్దం పంపుతుందో చెబుతుంది. చుక్క తర్వాత 1 అంటే గుండెల్లో మోగే సబ్‌వూఫర్ పెట్టె ఒకటుందని అర్థం. 2.1 అంటే ఎడమ, కుడి, ఒక బూమ్. 3.1లో ఆ రెంటికీ మధ్య ఇంకొకటి ఉంటుంది. సినిమాలో మనుషులు మాట్లాడే మాట చాలామటుకు ఆ మధ్య స్పీకరుకే పంపుతారు. మీ అత్తగారికి కావాల్సింది ఆ మధ్యది చెల్లీ! పాటలు, ఫైటింగులు పక్క స్పీకర్లలో మోగుతున్నా మాట మాత్రం నడిమధ్య నుంచి విడిగా వస్తుంది. పైగా దాని ఒక్కదాని సౌండే పెంచుకునే వీలు చాలా బార్లలో ఉంటుంది. 2.1 కంటే ధర కొంచెం ఎక్కువే. పెట్టండి. 65 నుంచి 50 అంగుళాలకి దిగితే మిగిలే డబ్బు దీనికి సరిపోతుంది.

పెట్టె మీద 400, 600 అని కొండంత అక్షరాలతో వేసే వాట్లు చూసి పెద్దాడు మురిసిపోతాడు. వాట్లు రెట్టింపైనంత మాత్రాన మోత రెట్టింపు కాదు, మన చెవికి రవ్వంత తేడా తెలుస్తుంది. రెట్టింపు మోత కావాలంటే ఇంచుమించు పదింతల వాట్లు కావాలి. పన్నెండు పద్నాలుగు అడుగుల గదికి ఆ పందెం అక్కర్లేదు. ఇంకో పేరు చెప్పి ఆశపెడతారు, డాల్బీ అట్మాస్. శబ్దం నెత్తిమీద నుంచి కూడా వస్తున్నట్టు అనిపించే ఏర్పాటు అది. నిజంగా బావుంటుంది, కాదనను. బార్‌లో పైకి తిరిగిన స్పీకర్లుంటాయి, శబ్దం సీలింగుకి తగిలి కిందికి రావాలి. అందుకు సీలింగు చదునుగా ఉండాలి, మరీ ఎత్తు ఉండకూడదు. మీ ఇల్లు పాత పెంకుటింటికి ముందు డాబా కలిపి కట్టింది కదా. టీవీ డాబా గదిలో పెడితే ఫరవాలేదు. లోపల నట్టింట్లో, వాలుకప్పు కింద పెడితే ఆ పై స్పీకర్లకి పెట్టిన డబ్బు దూలాల మధ్యకి పోతుంది.

డాబా గది అన్నాను గానీ, దానికో చిక్కుంది. కింద గ్రానైటు, చుట్టూ నున్నటి గోడలు, ఒక్క పరదా లేదు. చప్పట్లు కొడితే గది తిరిగి చప్పట్లు కొడుతుంది. అలాంటి గదిలో ఎంత ఖరీదైన బార్ పెట్టినా మాట మీద మాట పడి గజిబిజి అవుతుంది. కిటికీలకి మందపాటి కర్టెన్లు కుట్టించు, కింద ఒక జంపఖానా పరువు, టీవీకి ఎదురు గోడకి మంచం, దాని మీద పరుపు. ఈ మూడూ కలిస్తే ఖర్చు కొంచెమే, మాటలో వచ్చే తేడా మాత్రం ఎక్కువ. సబ్‌వూఫర్‌ని గది మూలకి నెట్టొద్దు, మూలలో మోత రెట్టించి గుమ్మంటుంది. షోకేసు గాజు తలుపులకీ, అటక మీది ఇత్తడి బిందెలకీ దూరంగా పెట్టించు. లేకపోతే పాట వచ్చినప్పుడల్లా అటక మీద గలగలమంటూ ఇంకో కచేరీ మొదలవుతుంది. బార్‌ని షోకేసు అరలోకి తోసేసి అందంగా ఉందనుకునే ఇళ్లు చూశాను. అలా వద్దు, గొంతు అరలోనే ఉండిపోతుంది. టీవీ కిందే, ముందంచుకి, ఏ అడ్డూ లేకుండా ఉండాలి.

టీవీకి బార్‌కి మధ్య బ్లూటూత్ పెట్టొద్దు. ఒక్కోసారి పెదాలు ముందు కదిలి మాట వెనకాల వస్తుంది. చెవి సరిగా లేనివాళ్లు తెలియకుండానే పెదాల్ని చూసి మాటని పట్టుకుంటారు, ఆ ఆసరా కూడా పోతుంది. టీవీ వెనకాల హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అనో ఈఏఆర్‌సీ అనో రాసి ఉంటుంది. బార్ వైరు దానికే తగిలించాలి. సెట్‌టాప్ బాక్సు వైరు ఇంకో దాంట్లో. తర్వాత టీవీ సొంత స్పీకర్లు ఆపేయాలి, రెండూ కలిసి మోగితే మళ్లీ గజిబిజే.

ఆ ఒక్క వైరుతో ఇంకో మేలుంది. టీవీ రిమోటు, సెట్‌టాప్ రిమోటు, బార్ రిమోటు... మూడు చేతిలో పెడితే మీ అత్తగారు భయపడి అసలు టీవీయే పెట్టుకోరు. హెచ్‌డీఎంఐ సీఈసీ అని ఒక సదుపాయం ఉంది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. అది ఆన్ చేస్తే టీవీ పెట్టగానే బార్ కూడా పలుకుతుంది, టీవీ రిమోటుతోనే సౌండు పెంచుకోవచ్చు. బార్ రిమోటు బీరువాలో దాచెయ్. ఇంకొకటి, స్మార్ట్ టీవీ పెట్టగానే తెరనిండా సినిమా బొమ్మలు, యాప్‌ల వరస వచ్చి నిలబడుతుంది. ఆవిడ తికమకపడేది అక్కడే. చాలా టీవీల్లో ఆన్ చేయగానే ముందు చూసిన సెట్‌టాప్ చానెలే వచ్చేట్టు పెట్టుకోవచ్చు. టీవీ బిగించడానికి వచ్చిన అబ్బాయిని అడిగి చేయించుకో. సాయంత్రం నాలుగింటికి తన చానెల్ తనే పెట్టుకోగలిగితే, మనవరాల్ని బతిమాలుకోకుండా ఆవిడ తన ఇంట్లో తను ఉన్నట్టుంటారు.

ఇక తెర. మరిదిగారి 65 అంగుళాల సంగతి.

పెద్ద తెర చెడ్డదని నేననను. అంగుళాలంటే మూల నుంచి మూలకి కొలత. 65 అంటే అడ్డంగా నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు, 50 అంటే మూడడుగుల ఏడున్నర. మంచం నుంచి గోడకి ఎనిమిది తొమ్మిది అడుగులుంటే 65 కూడా చూడొచ్చు, అందులో వచ్చే బొమ్మ అంత నాణ్యమైనదైతేనే సుమా. మీ ఇంట్లో వచ్చేది కేబులు. మామూలు కేబుల్ చానెల్ బొమ్మ దాదాపు నాలుగు లక్షల చుక్కలతో వస్తుంది. 4కే తెర మీద ఉండేవి 83 లక్షల చుక్కలు. అంటే ప్రతి ఇరవై చుక్కల్లో ఒకటే నిజంగా వచ్చింది, మిగతా పంతొమ్మిదీ టీవీ తనంతట తను ఊహించి పూడ్చింది. ఒక్క గరిటె పెరుగుతో ఇరవైమందికి మజ్జిగ పోసినట్టన్నమాట. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ పలచదనం బయటపడుతుంది, మొహాలు అలికినట్టుంటాయి. షోరూములో మాత్రం నెమలి ఈకలూ నీటిబొట్లూ తీసిన అసలైన 4కే బొమ్మ వేసి చూపిస్తారు. మనం దాన్ని చూసి కొని, ఇంటికొచ్చి సీరియల్ చూస్తాం.

అందుకని మీకు 50 చాలంటాను. ఫైబర్‌నెట్ గానీ కేబుల్ గానీ, వాళ్లని పిలిచి మీరు ఎక్కువగా చూసే నాలుగు చానెళ్లు హెచ్‌డీలో పెట్టించుకోండి. ఆ నెలవారీ ఖర్చుతో బొమ్మ నిజంగా బాగుపడుతుంది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇస్తామని మొదలైనప్పుడు పల్లెల్లో ఎంత ఆశ! ఆ తీగ మీ వీధిలో బాగా పనిచేస్తుంటే, పిల్లలొచ్చినప్పుడు సినిమాలు నెట్ మీద నుంచి అసలు నాణ్యతలో చూడొచ్చు. అప్పుడు మరిదిగారి పెద్ద తెర కోరికకీ అర్థం ఉంటుంది.

ఓఎల్‌ఈడీ జోలికి వెళ్లొద్దు. నలుపు కాటుకలా ఉంటుంది, బొమ్మ అద్భుతం, నాకూ ఇష్టమే. కానీ మీ మామగారు పొద్దున లేచింది మొదలు వార్తా చానెల్ పెడతారు. కింద అక్షరాలు పరుగెత్తే పట్టీ, మూలన చానెల్ గుర్తు గంటల తరబడి కదలకుండా అదే చోట ఉంటాయి. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది కాబట్టి, ఒకే చోట ఏళ్ల తరబడి వెలిగిన చుక్కలు అరిగి ఆ గుర్తు మచ్చలా మిగిలిపోవచ్చు. మామూలు ఎల్ఈడీ, క్యూఎల్ఈడీల్లో వెలుగు వెనకాల నుంచి వస్తుంది, ఆ భయం దాదాపు లేదు. వార్తలు నడిచే ఇంటికి అదే మంచిది. షాపులో ఇంకో చిన్న పని చేయి. తెరకి బాగా పక్కగా వెళ్లి నిలబడి చూడు. కొన్నిట్లో పక్కనుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది, కొన్నిట్లో అలాగే ఉంటుంది. మీ గదిలో మంచం ఎదురుగా, కుర్చీలు పక్కన కదా, కుర్చీల్లోవాళ్లకి కూడా కనపడాలి.

గోడకి ఎక్కడ తగిలించాలో ముందే గీత గీసి పెట్టుకో. వీధి గుమ్మానికి ఎదురుగా వద్దు, మధ్యాహ్నమంతా తెర మీద వాకిలే కనపడుతుంది. ఈమధ్య ఎవరింట్లో చూసినా దూలం పక్కనే, తల పైకెత్తి చూసేట్టు తగిలిస్తున్నారు. మెడ పట్టేస్తుంది. మీ అత్తగారిని మంచం మీద ఆవిడ రోజూ కూచునేట్టు కూచోబెట్టి, నేల నుంచి కంటి దాకా టేపుతో కొలువు. మూడు, మూడున్నర అడుగులు వస్తుంది. తెర మధ్యభాగం ఆ ఎత్తుకి అటూ ఇటూగా ఉండాలి. పాత సున్నపు గోడైతే మేకులు ఎక్కడ పడితే అక్కడ ఆగవు, మేస్త్రీకి ఒకసారి చూపించి తగిలించండి, లేదా గట్టి బల్ల మీద స్టాండుతోనే పెట్టండి, తప్పేం లేదు.

బిగించాక షోరూము రంగులు తీసేయాలి. వివిడ్, డైనమిక్ అని పేర్లుంటాయి, షాపు వెలుగులో నలుగురి కళ్లూ లాగడానికి పెట్టినవి. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకి వాటిలోని నీలపు తెలుపు మరీ మిరుమిట్లు గొలుపుతుంది. సినిమా అనో మూవీ అనో ఉన్నది పెట్టు. మొదట్రోజు పసుపు కొట్టినట్టు అనిపిస్తుంది, రెండు మూడు రోజులకి అదే సహజంగా కనపడుతుంది. మోషన్ పేరుతో ఉండే సెట్టింగు క్రికెట్‌కి బావుంటుంది గానీ సినిమాని సీరియల్‌లా చేస్తుంది, సినిమా చూసేటప్పుడు ఆపెయ్.

పాత సినిమాల దగ్గర ఇంకో మాట చెప్పాలి, ఇది నాకు ప్రాణంలాంటి విషయం. మీ అత్తగారికి పాత సినిమాలే లోకం కదా. తెనాలి చుట్టుపక్కల పుట్టినవాళ్లకి అది సొంత చుట్టాల్ని చూసుకున్నట్టే. గుమ్మడిది రావికంపాడు, జగ్గయ్యది మోరంపూడి, కృష్ణది బుర్రిపాలెం. ఆ నలుపు తెలుపు సినిమాలు దాదాపు చదరంగా ఉండే తెరకి తీసినవి. ఇప్పటి టీవీ అడ్డంగా సాగింది కాబట్టి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. డబ్బిచ్చి కొన్న తెర ఖాళీగా ఉండటమేంటని పిల్లలు "స్ట్రెచ్" నొక్కేస్తారు. సావిత్రి మొహం వెడల్పయిపోతుంది, ఎస్వీ రంగారావు పొట్టివాడైపోతాడు. జూమ్ నొక్కితే తలలూ పాదాలూ తెగిపోతాయి. ఆ పట్టీల్ని అలాగే ఉండనివ్వండి, బొమ్మ తీసినవాళ్లు తీసినట్టు కనపడనివ్వండి. మాయాబజారు మాత్రం మీకు రెండు రకాలుగానూ దొరుకుతుంది. 1957 మార్చి 27న వచ్చిన అసలుది ఒకటి. హైదరాబాదు గోల్డ్‌స్టోన్ వాళ్లు రంగులద్ది, తెర వెడల్పుకి సరిచేసి, సౌండుని కూడా 5.1కి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసింది ఇంకొకటి. కొత్త బార్ వచ్చిన రోజు ఆ రంగుల మాయాబజారు పెట్టండి. ఘటోత్కచుడి భోజనం పాట పాడిన మాధవపెద్ది సత్యం మీ పొన్నూరు పక్క బ్రాహ్మణకోడూరు ఆయనే. ఆ నవ్వు గది నిండాలి, పాటలో ప్రతి పిండివంట పేరూ విడివిడిగా తెలియాలి. నవ్వు నిండి, పేర్లు కలిసిపోతే బార్ సెట్టింగు ఇంకా కుదరలేదని గుర్తు.

కరెంటు సంగతి కూడా చెబుతాను, వేసవి వస్తోంది కాబట్టి. ఇప్పటి టీవీల్లో చాలావాటికి వెనకాల చీటీ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. ఓల్టేజి పడిపోయినా అవి నడుస్తాయి, కాబట్టి స్టెబిలైజరు తప్పదేమీ కాదు. వాటిని కాల్చేది ఒక్కసారిగా ఎగదన్నే కరెంటూ పిడుగూ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టగానే ప్లగ్గు తీసేయడం మనవాళ్లకి అలవాటే, కేబులు వైరు తీయడం మాత్రం మర్చిపోతారు. పిడుగు కరెంటు ఆ తీగ మీదుగా సెట్‌టాప్ బాక్సులోకి, అక్కణ్ణుంచి హెచ్‌డీఎంఐ వైరు పట్టుకుని టీవీలోకి, బార్‌లోకి వచ్చేస్తుంది. రెండూ తీయాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అలాంటి హెచ్చరిక వస్తే ముందురోజే అన్నీ ఊడదీసి, టీవీ మీద దుప్పటి కప్పి, కిటికీ జల్లు పడని చోటికి మార్చండి. ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎండాకాలం ఎర్త్ గుంట ఎండిపోతుంది, అప్పుడప్పుడు ఒక బిందెడు నీళ్లు పొయ్యాలి. బిల్లు గురించి భయపడక్కర్లేదు, వంద వాట్ల టీవీ పది గంటలు నడిస్తే ఒక యూనిట్. ఎన్ని నక్షత్రాలో, ఏడాదికి ఎన్ని యూనిట్లో ముందు అంటించిన బీఈఈ చీటీ మీదే ఉంటుంది.

కంపెనీ పేరు గురించి మరిదిగారు పట్టుబడితే ఒక మాట చెప్పు. టీవీలిప్పుడు మన తిరుపతిలోనే తయారవుతున్నాయి. 2018లో డిక్సన్ కంపెనీ అక్కడ షావోమీ టీవీలు చేయడం మొదలెట్టింది, టీసీఎల్ తెరల ఫ్యాక్టరీ కూడా ఆ దగ్గర్లోనే వచ్చింది. పేరుకంటే, చెడిపోతే కాకుమానుకి మనిషి వస్తాడా అన్నది పెద్ద ప్రశ్న. కొనకముందే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోను చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి, సర్వీసు సెంటరు ఎక్కడుంది, ఇంటికొచ్చి చూస్తారా, రానూపోనూ ఖర్చు ఎవరిది అని. జవాబు నసిగితే ఇంకో కంపెనీ చూడండి. తెర పగిలితే వారంటీ వర్తించదు, అందుకని ఆటోలో తెచ్చేటప్పుడు పెట్టెని నిలువుగానే పట్టుకోవాలి, పడుకోబెట్టకూడదు. విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. ధరకి సంబంధించి, 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకి పైబడిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చీటీ చూపించి దాని మీద తగ్గింపు ఇస్తున్నామనేవాళ్లుంటారు, బిల్లు మీద పన్ను ఎంత వేశారో చూసుకో. వడ్డీ లేని వాయిదాలంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడుగు. మినుముల డబ్బు చేతిలో ఉంది కదా, నగదుకి ఎంత తగ్గిస్తారో ముందు అది తేల్చుకోండి.

అటక మీద పాత డబ్బా టీవీ ఉంటే ఎక్స్ఛేంజికి ఇచ్చేయండి. రాగి తీగ కోసం పిల్లలు దాన్ని పగలగొట్టకుండా చూడు, ఆ గాజులో సీసం ఉంటుంది.

తెనాలి వెళ్లినా గుంటూరు వెళ్లినా అత్తగారిని వెంటపెట్టుకుని వెళ్లండి. షాపువాళ్లు పాట పెడతారు, వద్దను. ఏదైనా తెలుగు వార్తా చానెల్ పెట్టించు. ఆవిణ్ణి కుర్చీ వెనక్కి తిప్పి, తెరకి వీపు పెట్టి కూచోమను, పెదాలు చూసే వీలు లేకుండా. ఒక్క నిమిషం విన్నాక ఏం చదివారో అడుగు. గడగడా చెప్పారంటే ఆ బార్ తీసుకోండి. మధ్యలో ఆగి "ఏమన్నాడే?" అన్నారంటే, అది ఎంత అందంగా ఉన్నా, పెద్దాడు ఎంత మారాం చేసినా, పక్కదాని దగ్గరికి వెళ్లండి.